ఐదు సిగ్మాల గడప

గణాంకవాది: కొత్త కణం దొరికిందనడానికి సంకేతం ఐదు సిగ్మాలు, అంటే మామూలు యాదృచ్ఛిక హెచ్చుతగ్గులకు ఐదు రెట్లు, దాటాలంటారు కణాలను ఢీకొట్టించే మీ కొలైడర్ వాళ్లు. దశాబ్దాలుగా ఎదురుచూసిన హిగ్స్ కణానికీ, ఎవరి ఊహలోనూ లేని కణానికీ ఒకే కొలబద్ద ఏమిటి నాయనా? నమ్మశక్యం కాని మాటకు గట్టి సాక్ష్యం, ఎదురుచూసిన మాటకు అంతకన్నా తక్కువ సాక్ష్యం అడగడం న్యాయం కాదా?

ప్రయోగవాది: న్యాయమే మాస్టారూ, కానీ ఎవరి నమ్మకాన్ని తూకంలో వేయాలి? 2015 డిసెంబరులో సెర్న్ అనే కణ భౌతిక ప్రయోగశాలలో జరిగినది చూడండి. ప్రోటాన్లు ఢీకొని రెండు ఫోటాన్లు, అంటే కాంతి కణాలు, వెలువడిన ఘటనలను లెక్కిస్తే, 750 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర అట్లాస్, సీఎంఎస్ అనే రెండు డిటెక్టర్ల గ్రాఫులలోనూ మామూలు ఘటనల నేపథ్యం మీద చిన్న గుట్ట లేచింది. ఆ ఒక్క చోటునే చూస్తే అట్లాస్‌లో దాని ఎత్తు 3.6 సిగ్మాలు, వెతికిన చోట్లన్నిటినీ లెక్కలోకి తీసుకుంటే అదే సుమారు రెండుకు పడిపోయింది. మూడు సిగ్మాల గుట్ట కేవలం యాదృచ్ఛికంగా లేవడానికి ఒక చోట ఉన్న అవకాశం సుమారు 740లో ఒకటి కాబట్టి, వందల గ్రాఫులలో వెతికేవాడికి అది ఎక్కడా కనబడకపోతేనే వింత. 2016 ఆగస్టు నాటికి మరింత డేటా వచ్చింది, గుట్ట చదునైపోయింది.

గణాంకవాది: ఈలోగా సిద్ధాంతకర్తలు వందల పేపర్లు రాసేశారు. మీ గడప వాళ్లను ఆపిందా?

ప్రయోగవాది: రాయడం వాళ్ల పని. ఆవిష్కరణ అని మేము ప్రకటించలేదు.

గణాంకవాది: ప్రకటించకుండానే ఊరించారు, పరిశోధక విద్యార్థుల నెలలు అందులో పోయాయి. సరే, అది వేరే తగాదా. 2011లో ఒపేరా అనే ప్రయోగం, న్యూట్రినోలనే కణాలు కాంతి వేగాన్ని మించి, దాదాపు 60 నానోసెకన్లు ముందుగా వచ్చాయన్నది. ఆరు సిగ్మాలు! మీ గడపను దర్జాగా దాటిన ఆ ఫలితం వెనుక ప్రధానంగా ఉన్నది సరిగా బిగించని ఫైబర్ కేబుల్. దానికేమంటారు?

ప్రయోగవాది: ఆ దెబ్బ తగిలిందని ఒప్పుకుంటాను. మనకు తెలిసిన దోషాలనే సిగ్మా లెక్కిస్తుంది, తెలియనిది దానికి అందదు. అందుకే 2012 జులై 4న హిగ్స్‌ను ప్రకటించేటప్పుడు వేర్వేరు నిర్మాణాలున్న రెండు డిటెక్టర్లు విడివిడిగా ఐదు సిగ్మాలు చూపాయి. సీఎంఎస్ బృందమైతే విశ్లేషణ పద్ధతులను ఖరారు చేసేదాకా, సంకేతం ఉండగల ప్రాంతంలోని కొత్త డేటాను తమ కళ్ల నుంచి తామే దాచుకుంది.

గణాంకవాది: అంటే మిమ్మల్ని కాపాడింది రెండో డిటెక్టరు గాని సిగ్మా కాదన్నమాట.

ప్రయోగవాది: 750 దగ్గర రెండో డిటెక్టరుకు కూడా గుట్ట కనబడింది కదా మాస్టారూ. అక్కడ మమ్మల్ని ఆపినది గడపే.