ఔట్‌పుట్ ఇంపీడెన్స్ గారూ, ఇంతకీ మీరు ఇంట్లో ఉన్నారా?

మహారాజశ్రీ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ మూడు ఐఆర్ఎఫ్ 510 ట్రాన్సిస్టర్లు పోయాక ఇటువైపు కుశలం ఏమీ మిగల్లేదు. యాంప్లిఫయర్ లోపల దాగి ఉండే నిరోధమని పుస్తకాలు చెప్పే మీరు మాత్రం క్షేమంగానే ఉంటారు. లేని మనిషికి జ్వరం రాదు కదా.

సంగతేమిటంటే, హామ్ రేడియోలో 7 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడుకోవడానికి, 12 వోల్టులతో నడిచే 5 వాట్ల యాంప్లిఫయర్ కట్టుకుందామని కూర్చున్నాను. మాక్సిమమ్ పవర్ ట్రాన్స్‌ఫర్ థియరమ్ బట్టీ కొట్టి పాసైనవాణ్ణి. ఎక్కువ పవర్ అందాలంటే లోడు, అంటే పవర్ తీసుకునే వైపు నిరోధం, మీతో సమానంగా ఉండాలి, అంతే. అందుకని ముందు మీ అడ్రసు వెతికాను. డేటాషీట్‌లో ఆన్ రెసిస్టెన్స్ 0.54 ఓమ్ అని కనబడింది. దొరికారు అనుకున్నాను! యాంటెన్నా వైపు 50 ఓమ్‌లు, మీ వైపు అర ఓమ్. ఓమ్‌ల నిష్పత్తి చుట్ల నిష్పత్తికి వర్గం కాబట్టి, ఫెరైట్ రింగు మీద ఇటు ఒక చుట్టు, అటు పది చుట్లు చుట్టి, యాంటెన్నా బదులు పవర్‌ని వేడిగా మార్చేసే డమ్మీ లోడు తగిలించి కీ నొక్కాను.

మీటరు ముల్లు అర వాటు దగ్గరే కూర్చుంది. సప్లై నుంచి మాత్రం మూడు ఆంపియర్లు పోతున్నాయి. అంటే 36 వాట్లు లోపలికి, అర వాటు బయటికి. మిగతాదంతా ఆ మూడు కాళ్ల జీవి ఒంట్లోనే. హీట్‌సింక్ మీద తడి వేలు పెడితే చుయ్యిమంది. కాసేపటికి వాసన. వంటింట్లోంచి మా ఆవిడ, "పాలు మాడాయా ఏంటి?" అని కేకేసింది. ట్రాన్సిస్టర్‌లోనే లోపముందేమోనని ఇంకోటి వేశాను. తర్వాత పంతానికి మూడోది.

అప్పుడు గానీ మీ నిలకడ తెలియలేదు. ఆన్‌లో ఉంటే అర ఓమ్. ఆఫ్‌లో ఉంటే తలుపే తియ్యరు. నడుమ ఇంకేదో విలువ. ఈ వేషాలన్నీ సెకనుకి 70 లక్షల సార్లు మారుస్తారు. ఏ వేషం చూసి సంబంధం కలుపుకోమంటారు?

పోనీ పాత మోటరోలా డేటాషీట్లు చూద్దామా? అక్కడ ఇంపీడెన్స్ పట్టికలో మీ పేరులాంటిదే ఉంటుంది, పక్కన చిన్న నక్షత్రం (*) గుర్తుతో. కింద చిన్న అక్షరాల్లో అసలు విషయం: అది ట్రాన్సిస్టర్ కోరుకునే లోడు తాలూకు కాంజుగేట్, అంటే అద్దంలో బొమ్మలాంటి జంట విలువ, మాత్రమేనట. బినామీ ఆస్తన్నమాట.

ఇక ఆ థియరమ్. దాని ప్రకారం సరిగ్గా సరిపోతే సగం పవర్ మూలంలోనే కాలాలి. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఈ సూత్రం పాటించి చూడండి, జనరేటర్లు చల్లబరచడానికే కృష్ణ నీళ్లు చాలవు. అక్కడ ఎవరూ మిమ్మల్ని మ్యాచ్ చెయ్యరు. ఆ బుద్ధి మాకే, రేడియో వాళ్లకే లేదు. అమెరికాలో వారెన్ బ్రూనే, వాల్టర్ మాక్స్‌వెల్ లాంటి పెద్ద రేడియో ఇంజనీర్లు సైతం మీరు లోడుకి కాంజుగేట్ మ్యాచ్ అయి ఉంటారా లేదా అని చెరో పక్షం పట్టారు. ఇంత గొడవ జరుగుతున్నా మీరు నోరు విప్పరు!

చివరికి నాకు పనికొచ్చిన లెక్కలో మీ ఊసే లేదు. వోల్టేజీ వర్గాన్ని రెట్టింపు పవర్‌తో భాగించడమే. 12 వర్గం 144, కింద 10. 14.4 ఓమ్‌లు. ట్రాన్సిస్టర్‌కి అంత లోడు చూపిస్తే చాలు. రింగు మీద ఒకటికి రెండు చుట్ల లెక్కన చుడితే, 50 కాస్తా 12.5 అవుతుంది, 14.4కి దగ్గరే. మీ తరఫున మిగిలింది కెపాసిటెన్స్ ఒక్కటే. 7 మెగాహెర్ట్జ్ దగ్గర దాన్నీ పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. పై ఫ్రీక్వెన్సీలకి వెళ్తే మాత్రం దానికి మర్యాద చెయ్యక తప్పదు, ఒప్పుకుంటాను.

నాలుగో ట్రాన్సిస్టర్ ఇప్పుడు 0.7 ఆంపియర్ తీసుకుని 5 వాట్లు ఇస్తోంది. అంటే 60 శాతం దాకా. సగానికి మించకూడదు కదండీ, మీ సూత్రం ప్రకారం? హీట్‌సింక్ మీద వేలు పెట్టి పది అంకెలు లెక్కపెట్టగలుగుతున్నాను. మా ఆవిడ పాల సంగతి అడగడం మానేసింది.

ఇట్లు,
మూడు ట్రాన్సిస్టర్లకు బాకీ పడినవాడు

తా.క.: మీ చిరునామా ఎక్కడా దొరకనందున ఈ ఉత్తరం కేరాఫ్ డమ్మీ లోడు పంపుతున్నాను. అక్కడికి వెళ్లింది వెనక్కి రాదు.