తెలిసినవారికే తెలుపబడును

గణాంక సాఫ్ట్‌వేర్‌లోని స్క్రిప్టింగ్ భాషకు వాడుకరి మాన్యువల్‌ను ఏ క్రమంలో కూర్చాలన్న చర్చ వచ్చినప్పుడల్లా, చదివేవాడు చేయదలచుకున్న పనిని బట్టి అధ్యాయాలు పెట్టమని కొందరు తొందరపాటు మనుషులు వాదిస్తారు. వారి మాట వింటే వాడుకరి తనకు కావలసింది ఐదు నిమిషాల్లో చూసుకొని వెళ్ళిపోతాడు; మనం అంత శ్రమపడి రాసిన మిగతా పేజీల గతి ఏమిటి? కనుక ఫంక్షన్లను, అంటే ఒక్కో పని చేసిపెట్టే ఆదేశాలను, పేర్ల అక్షరక్రమంలో పేర్చడమే ధర్మం.

ఈ ధర్మం గణాంకాల కోసం వాడే ఆర్ (R) భాషలో నిండుగా వర్ధిల్లుతోంది. నాలుగేళ్ళకోసారి వచ్చే తేదీని, అంటే 2000 ఫిబ్రవరి 29ని, 1.0.0 వెర్షన్ విడుదలకు ఎంచుకున్నవారికి, అవసరమైనది అరుదుగానే దొరకాలని మొదటినుంచీ తెలిసే ఉంటుంది. అక్కడ ప్రశ్నార్థకం పెట్టి ఫంక్షన్ పేరు రాస్తే హెల్ప్ పేజీ తెరుచుకుంటుంది. అంటే పేరు తెలిసినవాడికే ప్రవేశం. రెండు ప్రశ్నార్థకాలు పెడితే వెతికిపెడుతుంది లెండి, కాని ఆ సంగతి కూడా ఎవరో ముందే చెవిలో వేసి ఉండాలి. బాహుళకం, అంటే అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చే విలువ (ఇంగ్లీషులో మోడ్), కట్టబోయిన విద్యార్థి అంకెల వరుసను 'మోడ్' చేతికిస్తే 'న్యూమరిక్' అన్న జవాబు వస్తుంది, ఎందుకంటే అక్కడ మోడ్ అంటే దత్తాంశం ఏ రకానిదో చెప్పేది మాత్రమే. పోనీ షరతు పెట్టే 'ఇఫ్' సంగతేమిటో కనుక్కుందామని ప్రశ్నార్థకం పక్కన ఆ మాట రాస్తే, భాష ఒక కూడిక గుర్తు చూపి, మిగతా వాక్యం కోసం ఓపికగా ఎదురుచూస్తుంది. అడిగినవాడూ ఎదురుచూస్తాడు. గురుశిష్యుల మధ్య ఇంతటి సమభావం మరెక్కడా కనిపించదు.

ప్రామాణిక విచలనం పేజీ నాకు మరీ ఇష్టం. హారంలో ఎన్ (విలువల సంఖ్య) కాక ఎన్ మైనస్ 1 ఉంటుందన్న కీలకమైన విషయాన్ని 'వివరాలు' శీర్షిక కింద ఒక్క ముక్కలో ముగించారు. చేత్తో వేసిన లెక్కకూ దీనికీ పొంతన కుదరక రాత్రంతా కూర్చున్నవాడే అక్కడిదాకా వస్తాడు. ఆ కిందనే 'ఇవి కూడా చూడండి' అంటూ 'మ్యాడ్' అనే ఫంక్షన్‌ను చూపారు. అది మధ్యగతం ఆధారంగా విచలనాన్ని కొలిచే మర్యాదస్తురాలైన ఫంక్షనే గాని, ఆ స్థితిలో ఉన్న పాఠకుడు తననే అన్నారనుకుంటే మాన్యువల్‌ను తప్పుపట్టలేం.

హెల్ప్ పేజీల్లోని ఉదాహరణలంటారా, ప్యాకేజీ (ఫంక్షన్ల మూట) తనిఖీలో యంత్రమే వాటిని నడిపి చూస్తుంది. అంత శ్రద్ధగా చదివే పాఠకుడు ఉండగా మనుషుల కోసం వేరే రాయడం దండగ.

ఇక కొత్తవారి కోసమే ఉద్దేశించిన పరిచయ మాన్యువల్‌లో, వారు సాధారణంగా మొదలుపెట్టవలసిన నమూనా పాఠాన్ని అనుబంధంలో, అంటే అధ్యాయాలన్నీ అయ్యాక పెట్టారు. ఇంతకన్నా మెరుగైన అమరికను నేను సూచించలేను. మొదలు అక్కడుందన్న సంగతిని ముందుమాటలో బయటపెట్టడం ఒక్కటే కొంత తొందరపాటు. అయితే ముందుమాటలు ఎవరూ చదవరు గనుక, రహస్యం ఇప్పటికి భద్రంగానే ఉంది.