ఆ గడిలో ఏం రాయాలి?

విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఉంది. బర్మాలో (ఇప్పటి మయన్మార్) 1962లో జనరల్ నే విన్ సైన్యం గద్దెనెక్కి, 1964లో దుకాణాలను జాతీయం చేశాక కట్టుబట్టలతో తిరిగొచ్చిన వాళ్ల గుర్తు ఆ పేరు. 'బర్మా కాందిశీకులు' అన్నాయి సర్కారు కాగితాలు. ఏ దిక్కుకు పోను అని బెంబేలెత్తేవాడే కాందిశీకుడని సంస్కృత వ్యుత్పత్తి. వీళ్లకి మాత్రం దిక్కుంది. భారత సంతతి అన్న గుర్తింపు ఉంది.

ఇవాళ అదే దేశం నుంచి ఓ రోహింగ్యా కుటుంబం విశాఖ చేరిందనుకుందాం. 1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు, శరణార్థుల కోసం విడిగా చట్టమూ లేదు. ఐక్యరాజ్యసమితి ఇచ్చే శరణార్థి కార్డు చేతిలో ఉన్నా వార్డు సచివాలయం కంప్యూటర్‌లో దానికి గడి లేదు. అడిగేది ఆధార్.

సాయానికి వచ్చిన కార్యకర్తకి అప్పుడు ఓ ఆలోచన వస్తుంది. ఎవరిదో అద్దె కాగితం పెట్టి, పుట్టిన ఊరు ఇచ్ఛాపురం అని రాసేస్తే పోలా? ఇంట్లో పిల్లలు పస్తులుంటే అది తప్పనిపించదు. ఆ మనిషి మీద నాకూ కోపం రాదు. కానీ వేలిముద్ర వేసేది ఎవరు? తప్పుడు వివరాలతో మరొకరిగా ఆధార్ నమోదు చేయించుకుంటే ఆధార్ చట్టం 34వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. జాలి మనది, కేసు వాళ్లది. రేపు వీసా కోసం నిజం చెప్పుకోవాల్సి వచ్చినా ఈ అబద్ధమే ముందు బయటపడుతుంది.

అబద్ధం రాయను అన్నంత మాత్రాన పని అయిపోదు. పౌరసత్వం అడగని తలుపులు కొన్ని ఉన్నాయి. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల 'ప్రతి బిడ్డ' అంది, పౌరుల బిడ్డ అనలేదు. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఇక్కడ పుట్టిన ఏ బిడ్డ జననమైనా నమోదు కావాలి. అలాగని అది పౌరసత్వం కాదు. అరుణాచల్‌లో తలదాచుకున్న చక్మా శరణార్థుల కేసులో 1996లోనే సుప్రీంకోర్టు, ప్రాణానికి రక్షణనిచ్చే రాజ్యాంగం 21వ అధికరణం పరాయి దేశస్థులకూ వర్తిస్తుందని చెప్పింది. బడిలో సీటు వస్తుంది గానీ బియ్యం కార్డు లేనిదే, బడికెళ్లే పిల్లల తల్లులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే 'తల్లికి వందనం' డబ్బు రాదు. ఈ తేడా తల్లికి ముందే చెప్పాలి. లేకపోతే పక్కింటావిడ ఖాతాలో డబ్బు పడ్డ రోజున, తన వాటా కార్యకర్తే తినేశాడనుకుంటుంది.

అసలు చిక్కు ఆసుపత్రి దగ్గర. 2025 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన విదేశీయుల చట్టం ప్రకారం, ఇన్‌పేషెంటుగా చేరిన విదేశీయుల వివరాలను ఆసుపత్రే ప్రభుత్వ అధికారులకు తెలపాలి. నిండు గర్భిణిని విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి పదమ్మా అనేముందు ఈ సంగతి చెబితే ఆమె ఇంట్లోనే కంటానంటుంది, ప్రాణానికే ముప్పు. దాచి తీసుకెళ్తే మోసం. నా మటుకు చెప్పాల్సిందే అంటాను. అయితే నొప్పులొచ్చినప్పుడు కాదు, ఐదో నెలలోనో ఆరో నెలలోనో. అప్పుడైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లే వ్యవధి ఉంటుంది. ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు.

ఇంకోటి, కార్యకర్త నోటుపుస్తకం. క్లయింటు వకీలుకి చెప్పిన మాటకు చట్టం కాపు ఉంది, ఈ పుస్తకానికి లేదు. పోలీసులు అడిగితే ఇవ్వాల్సి రావచ్చు. పిల్ల వయసు, టీకాలు, బడి పేరు రాసుకుంటే చాలు. సరిహద్దు ఎక్కడ దాటారో బడి ఫారంలో ఎవరూ అడగరు. పుస్తకంలోనూ ఆ గడి గీయనక్కర్లేదు.