"నా హోటల్, నా ఇష్టం" అనేవాళ్ళకి

వారం నుంచి మా తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ఫార్వర్డ్ తిరుగుతోంది. "ప్రైవేటు వ్యాపారి సొంత డబ్బుతో హోటల్ పెట్టుకుంటే ఏ జాతివాళ్ళని రానివ్వాలో అతని ఇష్టం, చట్టానికేం పని? వివక్ష చూపేవాడికి మార్కెట్టే బుద్ధి చెబుతుంది, కాదనిపించుకున్నవాళ్ళు ఇంకో హోటల్‌కి వెళ్ళొచ్చు" అని. పంపినవాళ్ళు నాకు బాగా తెలిసినవాళ్ళు, అందుకే ఊరుకోలేకపోతున్నాను.

ముందు ఆ మార్కెట్ సంగతి. అమెరికాలో నల్లవాళ్ళు కారెక్కి ప్రయాణం పెట్టుకుంటే దారిలో ఎక్కడ గది ఇస్తారో, ఎక్కడ తిండి పెడతారో చూసుకోవడానికి గ్రీన్ బుక్ అనే గైడు 1936లో మొదలై దాదాపు ముప్పై ఏళ్ళు అచ్చయింది. చేతిలో డబ్బున్న కస్టమర్లే వాళ్ళు. అయినా తెల్లవాళ్ళు రావడం మానేస్తారని యజమానులు తలుపులు తియ్యలేదు, అంటే వివక్షలోనే లాభం చూసుకున్నారు. అమెరికా దక్షిణాదిలో నల్లవాళ్ళని వేరు చేయమని చట్టమే చెప్పింది కదా అని గ్రూపులో ఒకరు రాశారు. నిజమే, కానీ ఆ పుస్తకం పుట్టింది న్యూయార్క్‌లో, అలాంటి చట్టం లేని ఉత్తరాదిలో కూడా అది అవసరమైంది. 1960 ఫిబ్రవరి 1న అక్కడి దక్షిణాది ఊరు గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్ళ లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని కదలకపోతే అక్కడ్నుంచి ఉద్యమం పాకింది, ఇలాంటి వివక్ష కూడదని దేశమంతటికీ చట్టం రావడానికి 1964 దాకా పట్టింది. దళితులకి వేరే గ్లాసు పెట్టే మన రెండు గ్లాసుల పద్ధతి మాత్రం ఏ చట్టం పెట్టమంది? టీకొట్టు వాళ్ళ ఇష్టమే కదా అది!

సొంత ఆస్తి అంటారా, మీ ఇంటికి ఎవర్ని పిలుస్తారో ఎవరూ అడగరు. బోర్డు కట్టి రండి రండి అని పిలిచాక అది ఇల్లు కాదు. మన రాజ్యాంగం 15(2) అధికరణ దుకాణాలు, హోటళ్ళ పేర్లు చెప్పి మరీ జాతి, కులం, మతం, పుట్టిన చోటు చూసి ఆపకూడదంది. 1948లో రాజ్యాంగ సభలో దుకాణం అంటే ఏమిటని అడిగితే, సేవలు అందించే ఎవరికైనా వర్తిస్తుందని అంబేద్కర్ స్పష్టంగా చెప్పారు.

ఇక ఇంకో హోటల్‌కి వెళ్ళొచ్చు అనే మాట. నాతో చదువుకున్న మణిపూర్ అబ్బాయి ఒకసారి రాత్రి పదకొండుకి బస్టాండులో దిగి వరసగా మూడు లాడ్జిలు తిరిగాడు. ఆధార్ చూపించినా ముఖం చూసి విదేశీయులకి ఇవ్వం అన్నారు. ఏడుపు ఆపుకుంటూ నాకు ఫోన్ చేశాడు. నేను వెళ్ళి నా పేరు మీద అడిగితే ఆ మూడో లాడ్జిలోనే, అదే కౌంటర్ దగ్గర, అదే మనిషి తాళం చెవి తీసి ఇచ్చాడు.