పింక్ అంటే ఇష్టం పళ్లు ఏరడం వల్ల వచ్చిందా?

"ఆడవాళ్లకు పింక్ నచ్చడం జన్యువుల్లోనే ఉంది. ఆదిమకాలంలో మగవాళ్లు వేటకు పోతే, పచ్చటి ఆకుల్లో ఎర్రటి పళ్లు వెతికి ఏరింది ఆడవాళ్లే. సైన్స్ నిరూపించింది." ఏళ్ల తరబడి తిరుగుతున్న మాట ఇది.

"సైన్స్ నిరూపించింది": మూలం 2007లో కరెంట్ బయాలజీ అనే సైన్స్ పత్రికలో హర్ల్‌బర్ట్, లింగ్ అనే పరిశోధకులు రాసిన పత్రం. పాల్గొన్నది 208 మంది, అంతా 20–26 ఏళ్లవాళ్లు. వాళ్లలో 171 మంది బ్రిటిష్ శ్వేతజాతీయులు, 37 మంది హాన్ చైనీయులు. తెరమీద రెండేసి రంగులు చూపించి, నచ్చినదాన్ని చప్పున ఎంచుకోమన్నారు. ఆడవాళ్ల మొగ్గు ఎరుపు వైపు కాస్త జరిగింది, నిజమే. నీలం వైపు మొగ్గు మాత్రం ఇద్దరిలోనూ ఉంది. పళ్లు ఏరడాన్ని అక్కడెవరూ కొలవలేదు. అది ఫలితానికి రచయితలు ప్రతిపాదించిన వివరణ మాత్రమే. సంస్కృతి ఆ మొగ్గును పెంచి ఉండొచ్చని కూడా వాళ్లే రాశారు. ఫార్వర్డుల్లో ఆ వాక్యం ఎగిరిపోయింది.

"జన్యువుల్లోనే ఉంది": ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టడానికి కావలసిన మూడు రకాల కోన్ కణాలు (కంట్లో రంగులు పట్టే కణాలు) ఆడా మగా ఇద్దరికీ ఉన్నాయి. ఆసియా, ఆఫ్రికా కోతులకూ ఉన్నాయి. అంటే ఆ చూపు మనిషికంటే, వేట–సేకరణ పని పంపకంకంటే ఎంతో పాతది. వర్ణాంధత్వం మగవాళ్లలో ఎక్కువన్నది నిజమే. దానికి కారణం ఎరుపు, ఆకుపచ్చ పట్టే కోన్ కణాల జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటం, మగవాళ్లకు అది ఒక్కటే ఉండటం. అన్నిటికన్నా ముఖ్యం, పండును గుర్తుపట్టగలిగినంత మాత్రాన ఆ రంగు చొక్కా మీద నచ్చి తీరాలనేం లేదు.

"ఎర్రటి పళ్లు": నేరేడు పండితే నల్లబడుతుంది, సీతాఫలం పచ్చగానే ఉంటుంది. టాంజానియాలో వేట, సేకరణ మీద బతికే హాడ్జా తెగ స్త్రీలు దుంపలు తవ్వుతారు. నల్లమల చెంచుల పాత తిండిలోనూ దుంపలదే పెద్ద వాటా.

పిల్లల దగ్గర ఈ వాదన మరీ బలహీనపడుతుంది. 2010లో 12, 18, 24 నెలల పిల్లలు 120 మందిని పరీక్షిస్తే రంగుల ఇష్టంలో ఆడ, మగ తేడా కనిపించలేదు. 2011 నాటి మరో పరిశోధనలో రెండేళ్లు దాటాక ఆడపిల్లలు పింక్ వైపు, మగపిల్లలు దానికి దూరంగా జరిగారు. తాము ఆడో మగో పిల్లలకు తెలిసొచ్చే వయసూ అదే. పెరూలోని షిపిబో తెగ, వనువాటులోని టన్నా దీవి, కాంగోలోని బయాకా తెగ పిల్లల్లో ఈ తేడా లేదని 2021లో తేలింది.

"వందేళ్ల క్రితం పింక్ మగపిల్లల రంగు" అనే ఎదురువాదమూ అతిశయోక్తే. 1918లో అమెరికా వ్యాపార పత్రిక ఒకటి అలా రాసింది, కానీ అదే కాలంలో తిరగేసి రాసినవాళ్లూ ఉన్నారు.

పళ్లు ఏరడం అనే ఊహ నిలబడాలంటే పళ్లు ఎక్కువగా ఏరే సమాజాల్లో ఆడవాళ్ల ఎరుపు మొగ్గు ఎక్కువుండాలి, పింక్ బొమ్మలు ఎరుగని పిల్లల్లోనూ అది కనిపించాలి.