లేని భాషకు శాపమెందుకు?

1892లో, ఇప్పటి గ్రీసులో ఉన్న కస్తోరియా మెట్రోపాలిటన్ ఫిలరెటోస్ ఒక బడిపంతులును వెలేశాడు. మెట్రోపాలిటన్ అంటే ఆర్థడాక్స్ చర్చిలో పెద్ద బిషప్పు. ఆయన వెలేశాడంటే ఇంట్లో పెళ్లికీ చావుకీ ఫాదర్ గడప తొక్కడు. ఆ పంతులు పెట్రో నీని లువరాసి. ఇప్పటి అల్బేనియాలోని కొలోన్యా ప్రాంతపు కొండపల్లెల్లో పిల్లల చేత అల్బేనియన్ అక్షరాలు దిద్దించాడు, అదీ నేరం. పైగా ఫిలరెటోస్ వాదన ఏమిటంటే, అల్బేనియన్ భాష అనేదే లేదట!

లేకపోతే వెలి అనే ఈ శాపం దేనికి పెట్టినట్టు? లేనిదాన్ని చూసి ఎవరికీ టెన్షన్ రాదు. ఉందని తెలుసు, పిల్లల పలకల మీదికి వస్తే ఇక ఆపలేమనీ తెలుసు. అసలు భయం తలల లెక్కది. అప్పట్లో ఆ నేలను ఏలిన ఒట్టోమన్ (తుర్కు) సామ్రాజ్యం పద్దులో ముస్లిం అయితే తుర్కు, ఆర్థడాక్స్ అయితే గ్రీకు. బడులూ ఆ ప్రకారమే. అల్బేనియన్లలో ముస్లింలున్నారు, ఆర్థడాక్సులున్నారు, క్యాథలిక్కులున్నారు. ముగ్గురినీ ఒక్కటి చేసేది ఇంట్లో మాట్లాడే మాట ఒక్కటే. అది బడికెక్కితే సుల్తానుకూ చర్చికీ ఇద్దరికీ జనం తగ్గుతారు. అందుకే మిగతా విషయాల్లో పొసగని ఆ ఇద్దరికీ ఈ విషయంలో చక్కగా పొసిగింది. 1887లో ఇప్పటి అల్బేనియాలోని కోర్చా పట్నంలో తెరిచిన అల్బేనియన్ బడి 1902లో మూతపడింది. అల్బేనియన్‌లో ప్రార్థన జరిపిన ఫాదర్, పంతులు కూడా అయిన పాపా క్రిస్టో నెగొవానిని 1905లో గ్రీకు సాయుధ ముఠా చంపేసింది. లువరాసి 1911లో పోయాడు. విషం పెట్టారనే అల్బేనియన్లు నమ్ముతారు. శాపానికి జవాబుగా ఆయన రాసిన పుస్తకం అచ్చయిందీ ఆ ఏడాదే.

చర్చి భయం ఉత్తదేం కాదని వాదించేవాళ్లున్నారు. బల్గేరియన్లు అప్పటికే విడిపోయి వేరే చర్చి పెట్టుకున్నారు, అల్బేనియన్ బైబిలు వెనక ప్రొటెస్టెంట్లున్నారు, ఆస్ట్రియా డబ్బూ తిరిగింది. నిజమే. కానీ బిషప్పు వెలేసింది ఆస్ట్రియా రాయబారిని కాదు, అక్షరాలు దిద్దించేవాణ్ణి.

సామ్రాజ్యం పోయినా ఈ అలవాటు పోలేదు. 1990ల మొదట్లో, సెర్బియా ఏలుబడిలో అల్బేనియన్లు ఎక్కువగా ఉన్న కొసొవోలో, సెర్బియా పాఠ్యప్రణాళికకు ఒప్పుకోని అల్బేనియన్ పంతుళ్ల ఉద్యోగాలు ఊడాయి. వాళ్లు జనం ఇళ్లల్లో, నేల మీద కూర్చోబెట్టి పాఠాలు చెప్పారు. మాసిడోనియాలోని టెటోవోలో అల్బేనియన్ యూనివర్సిటీ పెట్టినందుకు దాని అధిపతి (రెక్టర్) ఫాదిల్ సులేమానీ 1995లో జైలుకెళ్లాడు.

అల్బేనియన్లను పొగుడుతూ ముగించడం తేలిక. నాకు మాత్రం ఎప్పుడూ గుచ్చుకునేది ఇంకొకటి: దెబ్బ తిన్నవాడికి చేతికి కర్ర వస్తే ఏం చేస్తాడన్నది. అల్బేనియాను ఏలిన కమ్యూనిస్టు నియంత ఎన్వర్ హోజా పాలనలో అక్కడి గ్రీకు మైనారిటీకి గ్రీకు బడి ఉండేది, ప్రభుత్వం ‘మైనారిటీ ప్రాంతం’గా గుర్తించిన ఊళ్లలో మాత్రమే. ఆ ఊరు దాటి వేరేచోట కాపురం పెట్టిన కుటుంబం ఇంట్లో గ్రీకే మాట్లాడుకున్నా, వాళ్ల పిల్లవాడికి గ్రీకు నేర్పే బడి లేదు.