అమ్మ వేసుకోలేని రికార్డ్ ప్లేయర్ మనకెందుకండీ?

"ఆటోమేటిక్ కొన్నావా? అయ్యో, అది పిల్లలాడుకునే బొమ్మ కదయ్యా!"

పాత రికార్డులు పోగేసే పరిచయస్తుడొకాయన మా ఇంటికొచ్చి అన్న మాట ఇది. అమ్మ చేతి కాఫీ తాగుతూ, అమ్మ ఎదురుగానే అన్నాడు. ఆ రోజుకి నవ్వేసి ఊరుకున్నాను. నిన్న ఆఫీసులో ఓ కుర్రాడు "అన్నా, ఇంట్లోకి సింపుల్‌గా, స్టైల్‌గా ఉండే టర్న్‌టేబుల్, స్పీకర్లు ఏవి కొనమంటావు?" అని అడిగేసరికి ఆ మంట మళ్ళీ రాజుకుంది. టర్న్‌టేబుల్ అంటే మరేం కాదు, రికార్డ్ ప్లేయరే. క్యాంటీన్ క్యూలో నిలబడి చెప్పే సంగతి కాదు గనక ఇక్కడ రాస్తున్నా. కాస్త పెద్దదే, ఓపికుంటే చదవండి.

మాది నెల్లూరు. చెన్నైలో, వలసరవాక్కంలో ఉంటున్నాం. నాన్న పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చేస్తూ రెండు ట్రంకు పెట్టెలు తెచ్చింది. ఒకదాంట్లో చీరలు, రెండోదాంట్లో ప్లేట్లు. మా ఇంట్లో రికార్డు అనరు, ప్లేటనే అంటారు. డెబ్భై దాకా ఉన్నాయి, సగానికి పైగా ఘంటసాలే. ఒక్కోసారి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ పాటల్లో చాలామట్టుకు ఈ పక్కనే వడపళని, కోడంబాక్కం స్టూడియోల్లో పాడినవి. అచ్చయింది కలకత్తా దగ్గర డమ్‌డమ్ గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీలో. అక్కణ్ణుంచి నెల్లూరు కొట్టుకి, కొట్టునుంచి నాన్న చేతికి. ఇన్నేళ్ళ తర్వాత ట్రంకు పెట్టెలో రైలెక్కి, పుట్టిన చోటికి నాలుగు కిలోమీటర్ల దూరంలో దిగాయి.

సరే, వాటిని వినిపించాలిగా. మొదటి తప్పు నాదే. ఫొటోల్లో ముచ్చటగా కనిపించిందని, సూట్‌కేసు ఆకారంలో ఉండే లేత పచ్చ ప్లేయరొకటి తెప్పించా. మూత తీస్తే చాలు, స్పీకర్లు అందులోనే. హాల్లో పెడితే వచ్చినవాళ్ళందరూ దాంతో సెల్ఫీలే. పాట మాత్రం సాగి సాగి వచ్చేది. వాల్యూమ్ పెంచితే ముల్లు ఎగిరి మూడో చరణంలో పడేది. పడక చస్తుందా? స్పీకర్, ముల్లు ఒకే పెట్టెలో ఉంటే స్పీకర్ అదురు నేరుగా ముల్లుకే తగులుతుంది. అంతకన్నా పెద్ద బాధ బరువు. ముల్లు బరువు చూసే చిన్న త్రాసు తెప్పించి పెడితే ఐదు గ్రాములు దాటింది. ముల్లుని పట్టుకుని దాని కదలికని కరెంటుగా మార్చే చిన్న ముక్కని కార్ట్‌రిడ్జి అంటారు. మామూలు మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్‌రిడ్జి అయితే రెండు, మహా అయితే మూడున్నర గ్రాములతో పనైపోతుంది. నాన్న దాచుకున్న ప్లేట్ల మీద అంత బరువు ఈడ్చానని తెలిశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. స్టైల్ కావాలంటే ఆ డబ్బుతో గోడకి రంగు వేయించుకోండి, సూట్‌కేసు మాత్రం వద్దు.

రెండో తప్పు, ఒక పెద్ద షోరూముకి వెళ్ళడం. పేరెందుకులెండి. "బడ్జెట్ ఎంత సార్?" అని మొదలుపెట్టి టర్న్‌టేబుల్, దానికో ఫోనో బాక్సు, ఆంప్లిఫయరు, స్పీకర్లు, వాటికి స్టాండ్లు, వేలి లావు కేబులు అంటూ రాసుకుంటూ పోయాడు. కాగితం కింద చేరిన మొత్తం చూస్తే మా ఆవిడ స్కూటీ రెండుసార్లు కొనుక్కోవచ్చు. మా హాలు పది బై పధ్నాలుగు. ఆ సామానంతా పెట్టేస్తే వినేవాళ్ళు వరండాలో కూర్చోవాల్సిందే.

ఇక్కడ ఒక్క సంగతి అర్థమైతే సగం డబ్బు మిగులుతుంది. ప్లేటు మీద పాటని గాడిగా కోసేటప్పుడు ఉన్నదున్నట్టు కొయ్యరు. గంభీరమైన శబ్దాలకి గాడి బాగా అటూ ఇటూ ఊగుతుంది, చోటంతా తినేస్తుంది. అందుకని ఆ బేస్‌ని తగ్గించి కోస్తారు. ప్లేటు గరగర పైకి వినిపించకుండా కీచు శబ్దాలని పెంచి కోస్తారు. వాయించేటప్పుడు దాన్ని తిరగేసి సరిచేయాలి. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్నదానికి 1954 నుంచి ఆర్ఐఏఏ అనే ఒకే లెక్క నడుస్తోంది. పైగా ముల్లు దగ్గర పుట్టే కరెంటు నాలుగైదు మిల్లీవోల్టులే. దాన్ని పెంచి, సరిచేసి ఇచ్చేదే ఫోనో ప్రీఆంప్. అది టర్న్‌టేబుల్లోనే ఉండొచ్చు, ఆంప్లిఫయర్లో ఉండొచ్చు, విడిగా డబ్బాలో ఉండొచ్చు. ఎక్కడో ఒకచోట ఉంటే చాలు. రెండుచోట్ల ఉంటే శబ్దం పగిలిపోతుంది, ఎక్కడా లేకపోతే దోమ పాట.

దోమ పాట నేను స్వయంగా విన్నా. చివరికి నేను కొన్నది ఆడియో టెక్నికా ఎల్‌పీ60ఎక్స్ అనే ఆటోమేటిక్ టర్న్‌టేబుల్. ప్రీఆంప్ లోపలే ఉంది. వెనకాల ఫోనో, లైన్ అని చిన్న స్విచ్చు. అది ఫోనో వైపు ఉందని చూడకుండా స్పీకర్లకి కలిపేశా. వాల్యూమ్ మొత్తం తిప్పినా లోగొంతుకే. "ఏం అబ్బయ్యా, బావిలో పడ్డాడా మీ ఘంటసాల?" అంది అమ్మ. స్విచ్చు లైన్‌కి జరపగానే హాలు నిండిపోయింది.

స్పీకర్లు ఎడిఫయర్ ఆర్1280టీ. ఆంప్లిఫయర్ వాటిలోనే ఉంటుంది. ఒకదాని వెనక కరెంటు వైరు, రెండోదానికి సన్న తీగ, అంతే. నాలుగంగుళాల వూఫరు, మొత్తం 42 వాట్లు. కల్యాణ మండపానికి చాలకపోవచ్చు గానీ మా హాలుకి ఎక్కువే. పక్కలు చెక్క రంగు, పాత బీరువా పక్కన జత కలిపినట్టు కుదిరాయి. బ్లూటూత్ టర్న్‌టేబుల్ కొనుంటే దానికీ స్పీకర్లకీ మధ్య ఆ ఒక్క వైరూ ఉండేది కాదుగా అని మా తమ్ముడు సణిగాడు. గాడిలోంచి వచ్చే పాటని మళ్ళీ డిజిటల్‌గా మార్చి, కుదించి, గాల్లో పంపి వినడానికి ఫోన్ ఉందిగా మనకి? మీటరు పొడవు వైరు దాచడం అంత కష్టమా?

నా మట్టుకు స్టైల్ అంటే పెట్టెలు తక్కువ, వైర్లు తక్కువ, చుట్టూ ఖాళీ ఎక్కువ. అయితే అందం కోసం మూడూ ఒకే బల్ల మీద పేర్చకండి. మేమూ అలాగే పేర్చాం. వాల్యూమ్ పెంచితే హూమ్మని మూలుగు. స్పీకర్లని కిటికీ పక్క అరకి, కూర్చున్నప్పుడు చెవికి సమానమైన ఎత్తుకి మార్చాక మూలుగు పోయింది. టర్న్‌టేబుల్‌ని బరువైన టేకు బల్ల మీద, రసమట్టం పెట్టి చూసి మరీ కూర్చోబెట్టాం. ఆర్కాట్ రోడ్డులో మెట్రో తవ్వకాలు జోరుగా సాగిన రోజుల్లో మా కిటికీ అద్దాలే పాడేవి, ఇక ముల్లు సంగతి చెప్పాలా?

ఇప్పుడు ఆ కాఫీ పెద్దమనిషి దగ్గరికొస్తా. ఆయనన్నదాంట్లో నిజం లేకపోలేదు. రేగా ప్లానార్ 1 లాంటి మాన్యువల్ మెషీన్లో, అంటే ముల్లుని చేత్తో ఎత్తి దింపే దాంట్లో, ఆర్మ్ (ముల్లుని మోసే కడ్డీ) ఇంకా నాణ్యంగా ఉంటుంది. మంచి కార్ట్‌రిడ్జి వేసుకునే వీలుంటుంది. నా దాంట్లో ముల్లు మార్చుకోవచ్చు గానీ కార్ట్‌రిడ్జి మార్చడం కుదరదు. పక్కపక్కన పెట్టి వింటే ఆయనదే బాగుంటుంది, ఒప్పుకుంటా.

కానీ మా ఇంట్లో వినేది ఎవరు? డెబ్భై ఆరేళ్ళ మనిషి. కుడి చేయి వణుకుతుంది. ఆ చేత్తో ఆర్మ్ ఎత్తి, గాడి మీద సరిగ్గా దింపమంటే ప్లేటు మీద గీత, మనిషికి టెన్షన్. ఎల్‌పీ60ఎక్స్‌లో ప్లేటు పెట్టి, పన్నెండంగుళాలదో ఏడంగుళాలదో చూసి మీట జరిపి, స్టార్ట్ నొక్కితే ఆర్మ్ తనే లేచి తనే దిగుతుంది. అసలు సుఖం ఆ తర్వాత. ఎల్‌పీ, అంటే పన్నెండంగుళాల పెద్ద ప్లేటు, ఒక వైపు సుమారు ఇరవై నిమిషాలు. అమ్మ పన్నెండో నిమిషానికి కునుకు తీస్తుంది. మాన్యువల్ అయితే పాటయ్యాక ముల్లు ఆఖరి గాడిలో టక్ టక్ మంటూ ఎవరో ఒకరు లేచొచ్చేదాకా తిరుగుతూనే ఉంటుంది. ఇదైతే దానంతటదే వెనక్కెళ్ళి ఆగిపోతుంది. నేను ఆఫీసులో, మా ఆవిడ బ్యాంకులో ఉండే మధ్యాహ్నాల్లో ఆ ఇంట్లో పాట నడిచేది ఆ "బొమ్మ" వల్లే. మంచి శబ్దం కోసం మా అమ్మ చేతిలోంచి ప్లేటు లాక్కోమంటారా?

తాత కాలంనాటి ప్లేట్లు నాలుగున్నాయి, లక్కతో చేసినవి, నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. అవి వినలేకపోతున్నాం. ఈ మెషీన్లో 33, 45 వేగాలే. వేగం ఉన్నా లాభం లేదు, వాటి గాడి వెడల్పు, ముల్లు మొనా వేరు. ఎల్‌పీ ముల్లు వాటి గాడి అడుగుకి జారి చెత్తంతా గీకుతుంది. అవి పెట్టెలోనే ఉన్నాయి.

ఆఫీసు కుర్రాడికి ఇంకో మాట. మెషీన్ వచ్చాక కొత్త ప్లేట్ల వెంట పడకు, బాగా ఖరీదు. సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్ 1985లో కాలిపోయాక అక్కడి పాత పుస్తకాల, పాత ప్లేట్లవాళ్ళు ఆ దగ్గర్లోనే కొట్లు పెట్టుకున్నారు. వెతికితే తెలుగువీ దొరుకుతాయి. వెలుతురుకి ఏటవాలుగా పట్టి గీతలు చూసి తీసుకో. ఇంటికొచ్చాక నిలబెట్టి పెట్టు, ఒకదాని మీద ఒకటి పేర్చకు. మే నెలలో కారులో వదిలావో, అప్పడంలా వంకర్లు తిరగడం ఖాయం. మన సముద్రపు గాలికి అట్టలకి బూజు పడుతుంది, అప్పుడప్పుడూ ఫ్యాను కింద ఆరబెట్టు.

పోయిన నెల మధ్యాహ్నం మీటింగులో ఉండగా అమ్మ ఫోను. "అబ్బయ్యా, 'స' వచ్చినచోటల్లా బుస్సు బుస్సు మంటా ఉంది. ముల్లు అరిగిందేమో చూడు." నాకైతే ఏ తేడా వినిపించలేదు. అనుమానంగానే కొత్త ముల్లు తెప్పించి, పాతది లాగి కొత్తది తగిలించా. వేసిన మొదటి పాటకే తేడా నాకూ తెలిసింది. ఆ కాఫీ పెద్దమనిషికి ఫోన్ చేసి చెప్పాలనిపించింది గానీ అమ్మ వద్దంది. పాత ముల్లు పారేయనివ్వలేదు. తన మందుల డబ్బాలో పెట్టుకుంది.